నీళ్లు నిలిచే చోటు

నర్సమ్మా,

నువ్వు పోయాక రంగూన్‌లో మన తాకేటా పేటలో ఇది రెండో వానాకాలం. మొన్న వేసవిలో వార్డు ఆఫీసువాళ్లు మన సందులో రోడ్డు వేసుకోమని సిమెంటు ఇచ్చారు. పనికి ఇంటికొకరు రావాలన్నారు. సిమెంటు సగం సందుకే సరిపోతుంది కాబట్టి ఎటువైపు వెయ్యాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు. అందరూ పెద్దరోడ్డు వైపే అన్నారు. నేను లేచాను.

"ఏటి మావా, నీకూ నోరుందేటి?" అని పక్కింటి పైడిరాజు నవ్వాడు.

"నీళ్లు నిలిచేది లోపలే కదా. కారు రాలేక మా ఇంటిది నర్సమ్మని ఆసుపత్రికి కుర్చీలో మోసుకెల్లినాం. ఆలీసమైపోనాది," అన్నాను.

చివరికి లోపలివైపే వేశాం. నేనూ ఇసుక మోశాను.

నిన్న జోరువానలో ఎదురింటి బర్మా ఆవిడ డా మ్యా కోడలికి నొప్పులొచ్చాయి. కారు గుమ్మం దాకా వచ్చింది. అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.