చిలుము రుచి

మార్చి 3
మళ్ళీ అదే. టీలో చిలుము, పాలలో చిలుము. కోడలు రుచి చూసి బాగానే ఉంది కదత్తయ్యా అంటుంది. దానికి నాలుక లేదా, నాకు మతి లేదా? వంటామె గిన్నెలు సరిగ్గా కడగడం లేదు. ఇంకేముంటుంది?

మార్చి 5, పొద్దున ఆరు
వెనకే నిలబడి చూశాను. బాగానే కడిగింది. నేను చూస్తున్నానని కడిగిందేమో.

మార్చి 9
అనేశాను. పక్కింటావిడ వింటుండగా. తోమేది చేతులతోనా కాళ్ళతోనా అన్నాను. నన్ను చంపాలని చూస్తున్నావా అని కూడా నోరు జారాను. పదకొండేళ్ళుగా చేస్తున్న మనిషి. ఏడవలేదు. చేతులు తుడుచుకుని, రేపటి నుంచి ఇంకొకరిని చూసుకోండి పెద్దమ్మగారూ అని చెప్పి వెళ్ళిపోయింది.

మార్చి 10
ఈ రోజు కోడలు వండింది. చిలుమే. ఎవరికీ చెప్పలేదు.

మార్చి 16
ఆస్పత్రి వాళ్ళు కోడలికే ఫోన్ చేశారు. ఎనిమిదేళ్ళ కిందట నాకు తుంటి మార్చింది వాళ్ళే. ఏటా బ్లడ్ టెస్ట్ చేయించుకోవాలట, మూడు ఉత్తరాలు పంపారట. రాలేదే అంది కోడలు. వచ్చాయి. నా చీరల కింద ఉన్నాయి. మళ్ళీ కోస్తారేమోనని దాచాను.

మార్చి 24
రిపోర్ట్ వచ్చింది. తుంటిలో ఒక లోహపు బంతి, అది తిరగడానికి ఒక లోహపు గిన్నె ఉంటాయట. రెండూ రాసుకుని అరిగి, ఆ అరుగుడు రక్తంలో కలుస్తోందట. కోబాల్ట్ అనే ఆ లోహం చాలా ఎక్కువగా ఉందట. గిన్నె అన్న మాట దగ్గరే నా తల వాలిపోయింది. కొందరికి నోట్లో లోహం రుచి తగులుతుంది, మీకుందా అని అడిగింది డాక్టరమ్మ. కోడలు నా వైపు చూసింది.
లేదన్నాను.
ఏ ఇబ్బందీ లేకపోతే మూడు నెలలు ఆగి చూద్దామంది. నా అబద్ధాన్ని నీటుగా రాసుకుంది.

మార్చి 25
ఛీ.

మార్చి 27
ఉత్తరాలు తెచ్చి కోడలి చేతిలో పెట్టి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ముందు డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఆపరేషన్ వచ్చే వారమే. తరవాత నెమ్మదిగా అంది, నాకు చెప్పారు సరే, వంటామెకెప్పుడు చెప్తారు అని.

మార్చి 28, సాయంత్రం
కర్ర పట్టుకుని వంటామె ఇంటికి రెండంతస్తులు ఎక్కాను. చిలుము నీ గిన్నెల్లో లేదమ్మా, నా ఒంట్లో ఉంది, నిన్ను అన్యాయంగా అన్నాను అని చెప్పాను. అయ్యో, ఆ కాలుతో మెట్లెందుకెక్కారని నన్నే కోప్పడి కుర్చీ వేసింది. మళ్ళీ రమ్మన్నాను. రేపు చెప్తానంది.

మార్చి 29
రాదట. నా మీద కోపమేమీ లేదట. నేనన్న మాట పడ్డప్పటి నుంచి, కొత్తగా పనికి చేరిన ఇంట్లో కూడా కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోందట, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటోందట.