మెత్తదనం లేని మాడు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు చూడని నీ మనవడి సంగతి చెప్పాలి.

పసిపిల్లల మాడుకి ఆముదం పెడితే వేలి కింద మెత్తగా కొట్టుకుంటుంది కదా, వీడికి అలా లేదు. పుట్టినప్పటి నుంచీ గట్టిగానే ఉంది. గట్టి తల అని మా అత్త మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను. ఇప్పుడు తల దోసకాయలా వెనక్కి సాగింది. పుర్రె ఎముకలు ముందే అతుక్కుపోయాయని, కోసి విడదీయకపోతే మెదడు పెరగడానికి చోటుండదని విజయనగరంలో డాక్టరు చెప్పాడు. రేపు విశాఖలో చేర్చాలి.

అత్త ఈ రోజు కూడా స్నానం పోసి వాడి తల ఒత్తుతూ కూర్చుంది.

"పసిబిడ్డని కొయ్యడమేటే? ఒత్తితే సరవుతాది. నీ మొగుడి తల నాను ఒత్తిందే కాదేటి."

"ఒత్తితే సరవదని డాక్టరు సెప్పాడు కదా, వదిలెయ్యత్తా" అని కసిరాను. అత్త బిడ్డని నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోయింది.

తలుపు దగ్గరగా వేశాను. కాళ్లు చాపుకుని, నువ్వు తమ్ముణ్ని పడుకోబెట్టుకున్నట్టే వాణ్ని పడుకోబెట్టుకున్నాను. అరచేతులకి ఆముదం రాసుకున్నాను. ఒత్తితే సరవదని నాకు తెలుసు. వాడు నా మొహంలోకి చూసి నవ్వుతున్నాడు. నేను మెల్లగా ఒత్తుతూనే ఉన్నానమ్మా.