కంప్యూటర్‌లో సునీత చిక్కుడు

బోధన్, 2004
మృగశిర కార్తె, ఆదివారం

ఈరోజు నా సునీత పేరు కంప్యూటర్‌లోకి ఎక్కింది. నేనే చెప్పి ఎక్కించాను.

పెరట్లో ఏ మడిలో ఏం వేయాలో బొమ్మ గీసి చూపించే తోట ఒకటి కంప్యూటర్‌లో ఉందని, నా చిన్నబిడ్డ కవిత తెరిచి చూపించింది. అందులో క్యాబేజీ ఉంది, క్యారెట్ ఉంది. నిరుడు చనిపోయిన నా పెద్దబిడ్డ సునీత విత్తనం దాచిన ఎర్రంచు చిక్కుడు మాత్రం లేదు. నా మొహం చూసి కవిత నవ్వింది.

"లేకుంటే ఏమాయె అవ్వా? కొత్త పంటను మనమే కలుపొచ్చు. పేరు చెప్పు."

"సునీత చిక్కుడు."

కవిత ఆ పేరు టైపు కొట్టింది.

"ఇత్తుకూ ఇత్తుకూ నడుమ ఎంత?"

"రెండు జానలు."

"గీ డబ్బాకు జానలు తెల్వయి. అంగుళాలు కావాలె."

స్కేలు మీద చెయ్యి చాపాను. జానకు తొమ్మిది అంగుళాలు వచ్చాయి. కవిత అదే కొట్టబోతుంటే ఆపాను. ఏటా విత్తింది సునీత, నేను కాదు. దాని చెయ్యి చిన్నది.

"నా చెయ్యి వెట్టనా? అక్క గాజులు నాకు సరిపోతుండె గద" అంది కవిత.

ఏడు అంగుళాలే వచ్చాయి. రెండు జానలకు పద్నాలుగు.

అంతే, కంచె పొడుగునా పచ్చటి తీగ లేచింది. కింద నా బిడ్డ పేరు. క్యాబేజీ, క్యారెట్ల వరుసలో దర్జాగా కూర్చుంది! ఎన్నాళ్లకో గట్టిగా నవ్వాను.

విత్తనాలు గుప్పెడే మిగిలాయి. పురుగు పట్టాయో ఏమో, మొలవకపోతే...

రేపు పొద్దున్నే కవిత చేత్తోనే కొలిపించి విత్తుతాను.