మన కంపెనీ, మా కంపెనీ

మంగళవారం, కామాటిపుర, ముంబయి

కంపెనీ మూతపడ్డది. ఉద్యోగం పోయింది, దాచుకున్న పైసలు పోయినయ్, రెండూ ఒక్క పూటల్నే. పోవా మరి! జీతమిచ్చేటోని షేర్లే కొనుక్కుంటి.

కొనిపిచ్చింది శంకరన్న. లిఫ్టుల రిపేరు కంపెనీకి మాలికే గాని, పుట్టింది మా గల్లీలనే. వాళ్ల తాత, మా తాత కలిసి ఇటుకలు మోసిండ్రు. కంపెనీ షేర్ మార్కెట్‌లకు ఎక్కినప్పుడు నా భుజం మీద చెయ్యేసి, "పరాయోళ్ల షేర్లెందుకు తమ్మీ, మన కంపెనీ ఉండంగ?" అన్నడు. ఆ 'మన' విని నా పెండ్లాం సరోజ బంగారు గాజులు గూడ అమ్మి పెట్టిన. కొన్ని పైసలన్న బ్యాంకుల ఉంచుమని ఆమె అంటే, కసురుకున్న.

ఇయ్యాల కంపెనీ మూసేస్తున్నమని అందరికి హిందీల చెప్పేసి శంకరన్న కారెక్కుతుంటే నేను ఆపిన. "అన్నా, మన షేర్ల సంగతి?"

"మా కంపెనీనే మునిగిపాయె తమ్మీ, మీ షేర్లకు నేనేం జెయ్యాలె?"

మా కంపెనీ. మీ షేర్లు. హిందీల అయితే 'మన', 'మా' రెండూ 'హమారీ'నే, నాకు సమజయ్యేదే కాదు. తెలుగుల అన్నడు గనుక దొరికిండు, దొంగ! తన షేర్లు దసరాకు ముందే అమ్ముకున్నడంట. కారు పోయినంక వాచ్‌మన్ చెప్పిండు.

అన్నం పెట్టుకుంట సరోజ అడిగింది: "మన కంపెనీల ఏదో లొల్లి అంటున్నరు, నిజమేనా?"

చేతులకు మట్టిగాజులు. నోట్లె ఇంకా 'మన'నే.

నేను కూర బాగుందన్న.