అరటిబోదె ప్లైవుడ్

జక్కయ్య బావకి వందనాలు. కోప్పడకుండా చివరిదాకా చదువు.

గవర్నర్‌పేటలో మా ప్లైవుడ్ షాపుకి సర్వే ఆఫీసరొచ్చి, "దేశంలో చెక్కకి కరువొచ్చిందండీ, ఈ పరిశ్రమ భవిష్యత్తేంటండీ?" అని ఏడుపుమొహం పెట్టాడు. జాలేసి, "మా బావ ఏటి లంకలో అరటిబోదెలు నొక్కి ప్లైవుడ్ చేస్తున్నాడండీ" అన్నాను. ఆయన రిపోర్టులో రాసేశాడు. దేశానికి దారి చూపించింది నువ్వేనట! బుధవారం పన్నెండుమంది ఆఫీసర్లు నీ ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తున్నారు.

నిజం తెలిస్తే నా షాపు మూయిస్తారు. నీ చెరకురసం మిషను కడిగి, అందులో రెండు బోదెలు దూర్చి ఉంచు. శాంపిల్ అడిగితే మీ వీధితలుపు ఊడదీసి చూపించు. కొత్తింటి ప్రార్థనకి టేకని చెప్పి నేనిచ్చిందేగా. అది ఏ చెక్కో నాతో సహా ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు.

అక్కకి మాత్రం చెప్పకు. ఫ్యాక్టరీ సంగతి కాదు, తలుపు సంగతి.

నీ బావమరిది