ఒక్క మాట తేడా

అన్నయ్యా,

సర్కారు ఆఫీసుల్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో నువ్వు రాసిన విధాన పత్రం మా జనన నమోదు ఆఫీసు కొంప ముంచింది. దాని కోడ్ మన చేతిలో ఉండాలి, మనమే తెరిచి మార్చుకోగలగాలి, అందుకని "స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్" అని రాయమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. జనానికి తెలిసిన మాటంటూ "ఉచిత సాఫ్ట్‌వేర్" అని రాశావు. ఉచితమనగానే మా సూపరింటెండెంటు ఎగిరి గంతేసి, ఏదో కంపెనీ ఊరికే ఇచ్చింది పెట్టించాడు. ఏడాది తిరిగేసరికి వాళ్లు మన రికార్డులకి తాళం వేశారు. తెరిచే హక్కు మనకి లేదట!

నిన్న ఒకావిడ తన పాప పుట్టిన సర్టిఫికెట్ అడిగింది. కంప్యూటర్లో కనబడట్లేదన్నాను.

"మరి ఇదెవరమ్మా?" అంటూ పాపను నా బల్లమీద కూర్చోబెట్టింది. పాప మా ఆఫీసు ముద్ర తీసి నోట్లో పెట్టుకుంది.

ఆ మాట దిద్దాకే నాకు ఫోన్ చెయ్యి.

నీ చెల్లెలు