అమ్మ ఆకులో ఖాళీ

గునుంగ్ కిదుల్, జావా

అన్నయ్యా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, దిగులు పెట్టుకోకు. నిన్న అమ్మ నలభయ్యో రోజు జరిపించాం. ఆమెకిష్టమైన వేయించిన టేకు పురుగులు ఆకులో పెట్టాలి కదా. పాత చెట్లు కొట్టేసి నాటిన మన కొత్త తోటలో రాలిన ఆకులన్నీ తిరగేశాను. గూడు కట్టిన పురుగు ఒక్కటీ లేదు. పక్కింటి వాగియెం పిన్ని చూసి, “మీ కొత్త చెట్లన్నీ ఒకే తల్లి చెట్టు కొమ్మలు తెచ్చి నాటినవటగా. అన్నీ కలిసి ఒకేసారి చిగురేస్తాయి, అదీ ముందే పుట్టిన పురుగులు లేతాకు దొరక్క ఆకలికి చచ్చాక. ఇంక పిట్టలు మాత్రం ఏం తినడానికి వస్తాయే?” అంది. నిజమే. గింజ మొలిచిన పాత చెట్లు ఒక్కోటీ ఒక్కోసారి చిగిర్చేవి. ఎక్కడో ఒకచోట లేతాకు ఉండేది.

పెరట్లో మిగిలిన ముసలి చెట్టు కింద గుప్పెడు దొరికాయి. అవీ పోతే మళ్ళీ ఏడాదికి ఏమీ మిగలదని, వేయించడానికి చేతులు రాక అక్కడే వదిలేశాను. అమ్మ ఆకులో అన్నం పక్కన ఆ చోటు ఖాళీగానే ఉంచాం.

తలుపులకు ఆ చెట్టు కొట్టిద్దామని రాశావు, వద్దు. వచ్చేటప్పుడు వదిన పుట్టింటి వైపు టేకు గింజలు ఏరుకురా, ఒక్క చెట్టువే తేకు. చిన్నదాని జ్వరం తగ్గిందా? వదినను అడిగానని చెప్పు. అమ్మ ఏడాదికైనా ఆ చోటు నిండాలని నువ్వూ దువా చెయ్యి.

నీ చెల్లెలు,
సుమిరాహ్